పసివాళ్ళు నిజంగా మరచిపోతారా?



చావు జరిగిన ఇంట్లో ఓ మూల నిలబడ్డ పిల్లవాణ్ణి చూసి పెద్దవాళ్ళు అనే మాట ఒకటున్నది. “పసివాడు, వాడికేం తెలుస్తుంది? నాల్రోజులకి మరచిపోతాడు” అంటారు. కాస్త పెద్దవాడైతే, “ఏడవకు బేటా, ఇక ఇంటికి నువ్వే దిక్కు” అని భుజం తడతారు. రెండూ ప్రేమతో అన్న మాటలే. కాని అవి సరైనవేనా? గత ఎనభై యేళ్ళ అనుభవం కాదనే చెబుతున్నది. ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేయటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

రెండవ ప్రపంచయుద్ధం మొదలైన రోజుల్లో, 1939 సెప్టెంబరు 1 నుంచి, బాంబుల భయంతో బ్రిటిష్ ప్రభుత్వం పట్టణాల పిల్లలను పల్లెలకు తరలించింది. నాలుగు రోజుల్లో సుమారు 15 లక్షల మంది కదిలారు. వారిలో సగానికి పైగా తల్లిదండ్రులను వదిలి టీచర్ల వెంట వెళ్ళిన బడిపిల్లలు. కోటుకి పేరు రాసిన చీటీ, చేతిలో గ్యాస్ ముసుగు పెట్టె. ప్రాణం దక్కితే చాలు, తక్కినదంతా అదే సర్దుకుంటుందని చాలామంది అనుకున్నారు.

అలా సర్దుకోలేదు. నాజీల బారినుండి తప్పించుకొని 1938లో వియన్నా నుంచి లండన్ చేరిన అన్నా ఫ్రాయిడ్, తన స్నేహితురాలు డొరొతీ బర్లింగ్‌హామ్‌తో కలిసి హాంప్‌స్టెడ్‌లో యుద్ధబాధిత పిల్లల కోసం శిశుగృహాలు నడిపారు. అక్కడ వారు గమనించిన విషయం ఆనాటివారికి వింతగా తోచింది. బాంబులు పడుతున్నా తల్లి పక్కన పడుకున్న పిల్లలు చాలావరకు తట్టుకున్నారు. ఏ చప్పుడూ లేని క్షేమమైన చోట, ముక్కూమొగం తెలియని వాళ్ళ మధ్య ఉన్న పిల్లలే ఎక్కువగా కుంగిపోయారు. పక్క తడపటం, వచ్చిన మాటలు పోవటం, అన్నం మానటం కనిపించాయి.

దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఏ మందూ కాదు. పిల్లలను చిన్న చిన్న ‘కుటుంబాలు’గా విడదీసి, ఒక్కొక్క గుంపుకి ఒకే ఆయాను అప్పగించారు. మొదట్లో “ఈమె నాది” అని పిల్లల మధ్య పోట్లాటలు వచ్చాయి. తర్వాత మెల్లగా కుదుటపడ్డారు, మాటలు తిరిగి వచ్చాయి. నలుగురు మంచివాళ్ళు వంతులవారీగా చూడటం కంటే, ‘నా మనిషి’ అనుకునే ఒక్కరు రోజూ కనిపించటం గొప్పదని దీనితో తేలింది.

ఆ గృహాల్లోనే పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఈ పాఠాన్ని ఆసుపత్రులకు తీసుకువెళ్ళారు. అప్పట్లో పిల్లల వార్డుల్లోకి తల్లులను ఎంతో పరిమితంగానే రానిచ్చేవారు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ళ పాపను ఆయన సినిమా తీసి 1952లో చూపించారు. ఏడవని పిల్ల బాగున్నట్టు కాదని జనం కళ్ళారా చూశారు. 1951లోనే జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదిక కూడా తల్లి ఆదరణ లేమి ఎంత నష్టమో వివరించింది. 1959లో బ్రిటన్ ప్రభుత్వ కమిటీ తల్లిదండ్రులను ఏ వేళైనా రానివ్వమని సిఫారసు చేసింది.

ఇక మరచిపోవటం సంగతి. 1976 జులైలో అమెరికాలోని చౌచిల్లా అనే ఊళ్ళో 26 మంది పిల్లలను బడి బస్సుతో సహా ఎత్తుకుపోయి, భూమిలో పాతిన వాహనంలో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. “ఇక భయం లేదు” అనుకున్నారు. డాక్టర్ లెనోర్ టెర్ నాలుగైదేళ్ళ తర్వాత కూడా వాళ్ళను పరీక్షించి చూస్తే, ఆ గాయం అంటని పిల్లవాడు ఒక్కడూ లేడు. నోటితో చెప్పరు. ఆటల్లో, కలల్లో, ఉత్తపుణ్యానికి వచ్చే భయంలో అది బయటపడుతుంది.

దూరదేశాల మాట అనుకోవద్దు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు 10 వేల మంది పోయారు. ఆనాటి పసివాళ్ళు ఈనాడు యాభై దాటినవాళ్ళు. గాలి హోరెత్తిన రాత్రి వాళ్ళకు ఎలా ఉంటుందో అడిగి చూడండి. 2004 సునామీ నాటికి మన దేశంలోనూ తెలివిడి పెరిగింది. బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు తమిళనాడు తీరంలో టీచర్లకు, ఊరి కార్యకర్తలకు పిల్లల మనసు కనిపెట్టి మసలుకోవటం నేర్పారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం, పిల్లవాణ్ణి సంస్థలో చేర్చటం చిట్టచివరి మార్గం కావాలన్నది. నానీ, చాచా, ఖాలా వంటివాళ్ళు సాకగలిగితే ముందు వాళ్ళకే ఆసరా ఇవ్వాలి. అలాంటి ఇళ్ళలో అర్హులైన పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం కూడా ఉన్నది.

దీనినుంచి మనం నేర్వవలసింది ఏమిటి? యతీంఖానాలను తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు, ఎవరూ లేని పిల్లలకు అవే నీడ. అయితే అక్కడ కూడా ప్రతి పిల్లవాడికీ తన మనిషంటూ ఒకరుండాలి. అబ్బా చనిపోతే “ఊరెళ్ళాడు” అని దాచకుండా, అర్థమయ్యే మాటల్లో నిజం చెప్పాలి. బడి, భోజనం, నిద్ర వేళలు త్వరగా దారిన పెట్టాలి. చెప్పమని గుచ్చి గుచ్చి అడగరాదు, చెబితే ఆపరాదు. నెల దాటినా నిద్ర, తిండి, చదువు కుదుటపడకపోతే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. అది పిచ్చి అని సిగ్గుపడవలసినది కాదు. దిక్కుతోచని పిల్లల కోసం 1098, మనోవేదనకు 14416 ఉచిత ఫోన్ నెంబర్లు ఉన్నాయి.

మనం ఫీజులు కడతాం, నోటుపుస్తకాలు, పండుగ బట్టలు ఇస్తాం. అవన్నీ అవసరమే. ఈ ఏడాది నుంచి ఇంకొక్క పని చేద్దాం. సాయం తీసుకెళ్ళిన ఇంట్లో కవరు పెద్దల చేతిలో పెట్టి లేచి రాకుండా, ఆ పిల్లవాడి పక్కన ఓ పావుగంట కూర్చుందాం. వచ్చే వారం మళ్ళీ వెళదాం. అప్పుడు కూడా అదే మనిషి వెళ్ళాలి.