లేకాక్

ఇంగ్లండు నైరృతి భాగమున, విల్ట్‌షైర్ మండలమందు, బ్రిస్టల్ నగరము మీదుగా పోయి సముద్రమును చేరు ఏవన్ నది చెంత, నాలుగే వీధులతో నొప్పు చిన్న గ్రామము లేకాక్. ఇచటి యిండ్లలో పెక్కు 18వ శతాబ్దమునకు గాని అంతకు పూర్వమునకు గాని చెందినవి. కొన్ని రాతి కట్టడములు, మరికొన్ని కొయ్యచట్రములు నిలిపి నడుమ తడికలల్లి మట్టి మెత్తినవి.

గ్రామచరిత్రమున ప్రధానస్థానము మఠమునది. జాన్ రాజునకు సవతి సోదరుడగు విలియం లాంగెస్పీ 1226లో గతింపగా, ఆతని భార్యయు, సాల్స్‌బరీ ప్రభ్వియు నగు ఏలా, భర్త స్మృత్యర్థము 1232లో నిచట సన్న్యాసినుల మఠమునకు శంకుస్థాపన చేసి, పిదప తానును సన్న్యసించి దానికి తొలి యధ్యక్షురాలయ్యెను. 1539లో ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వము మఠమును రద్దుచేయగా, దానిని కొనిన విలియం షారింగ్టన్ అందలి ప్రార్థనామందిరమును కూలద్రోచియు, సన్న్యాసినులు సంచరించిన చుట్టుమండపములను మాత్రము చెక్కుచెదరనీయక, వానిపైననే తన నివాసమును నిర్మించుకొని, ఒక మూల అష్టకోణ గోపురమును లేపి, అందు విలువైన వస్తువులకై భద్రమైన గది యేర్పరచుకొనెను. బ్రిస్టల్ టంకశాలలో నాణెములను కల్తీచేసి పట్టుబడి, క్షమాభిక్షచే బ్రదికిన ఘనుడితడు. అట్టివానికి భద్రమైన గదిపై మక్కువ యుండుటలో వింత లేదు.

అయినను లేకాక్‌కు లోకఖ్యాతి తెచ్చినది గోపురము గాదు, గవాక్షము. 1835 ఆగస్టులో, ఈ భవనమునకు స్వామియగు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్, దక్షిణపు వసారాలోని జాలక గవాక్షమునకెదురుగా చిన్న కెమెరాపెట్టె నుంచి, వెండి లవణములు పూసిన కాగితముపై దాని ఛాయను గ్రహించెను. తపాలాబిళ్లంత యా కాగితమున సుమారు 200 గాజుపలకలను భూతద్దముతో లెక్కింపవచ్చునని యతడే వ్రాసియుంచెను. కెమెరాతో తీయబడి నేటికి మిగిలిన నెగెటివులలో నిదియే ప్రాచీనతమము. ఒక నెగెటివు నుండి ఎన్ని ప్రతులనైనను తీయు పద్ధతిని టాల్బట్టే తరువాత కాలోటైపు పేర వృద్ధిచేసి, 1841లో పేటెంటు పొందెను.

గ్రామమున 14వ శతాబ్దపు ధాన్యపుకొట్టమొకటి కలదు. కౌలుదార్లు మఠమునకు చెల్లించు ధాన్యము, ఉన్ని, తోళ్లు ఇందే చేరెడివి. దాని ప్రక్కనే కిటికీ లేని గుమ్మటపు గది. తప్పతాగి రచ్చచేసినవారిని మత్తు దిగువరకు అందు మూసెడివారు. సెయింట్ సిరియాక్ చర్చి వైభవమునకు మూలము మధ్యయుగములందలి ఉన్నివర్తకము.

ఊరంతయు ఒకే కుటుంబపు సొత్తై యుండుటచేతను, ఉన్నివర్తకము క్షీణించి క్రొత్త కట్టడములకు ధనము కరవగుటచేతను, ప్రాతయిండ్లు కూలక మిగిలినవి. అభిరుచి రక్షించిన దానికంటె లేమి రక్షించినదే యెక్కువ యనవచ్చును. 1944లో ఆ కుటుంబపు మెటిల్డా టాల్బట్ మఠమును, గ్రామమును ప్రాచీనకట్టడముల పరిరక్షణ సంస్థయగు నేషనల్ ట్రస్టునకు దానమిచ్చెను. ఆ యిండ్లలో చాలవరకు నేటికిని జనులు అద్దెకు కాపురముండుచున్నారు.