కలం ముందు, దుర్భిణి తరువాత

అమెరికా స్త్రీల చరిత్రలో తొలి కవయిత్రికీ, తొలి ఖగోళ శాస్త్రవేత్తకూ మధ్య దాదాపు రెండు వందల ఏళ్ల ఎడం ఉంది. కవిత్వానికి కాగితం, సిరా, పిల్లలు నిద్రపోయాక మిగిలే కాస్త సమయం చాలు. నక్షత్రాలను చూడాలంటే దుర్భిణి కావాలి, కణాన్ని చూడాలంటే ప్రయోగశాల కావాలి. ఆ గదుల తాళంచెవులు మగవాళ్ల చేతుల్లో ఉండేవి.

మాసచూసెట్స్ వలసలో ఎనిమిది మంది పిల్లల్ని పెంచిన ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ కవితలు 1650లో లండన్‌లో అచ్చయ్యాయి. ఆమెకు తెలియకుండానే వాటిని బావగారు ఓడ ఎక్కించారు. నూరేళ్లు దాటాక, 1761లో, ఆఫ్రికా నుంచి ఏడెనిమిదేళ్ల పిల్లను బోస్టన్ తెచ్చి అమ్మారు. ఆమెను మోసుకొచ్చిన ఓడ పేరే ఆమెకూ పెట్టారు: ఫిలిస్. యజమానుల ఇంటిపేరు చేరి ఫిలిస్ వీట్లీ అయింది. 1773లో ఆమె పుస్తకం వెలువడినప్పుడు, ఆ కవితలు ఆమె రాసినవేనని గవర్నరుతో సహా పద్దెనిమిది మంది పెద్దమనుషులు సంతకాలు చేయాల్సి వచ్చింది. రెండో పుస్తకం వెలుగు చూడకుండానే, 1784లో, పేదరికంలో ఆమె కన్నుమూసింది.

పంతొమ్మిదో శతాబ్దంలో కలం ఇల్లు దాటింది. బానిసత్వంపై హారియట్ బీచర్ స్టో రాసిన నవల 1852లో పుస్తకంగా వచ్చి, ఏడాదిలోనే అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఎమిలీ డికిన్సన్‌ది దీనికి పూర్తిగా భిన్నమైన దారి. సుమారు 1,800 కవితలు రాసి, బతికుండగా అచ్చులో చూసుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 1886లో ఆమె పోయాక చెల్లెలు లవీనియా కంటపడకపోతే మిగిలినవి ఏమయ్యేవో!

శాస్త్రరంగంలోకి మాత్రం తొలినాటి స్త్రీలు పక్కదారినే వెళ్లారు. నాంటకెట్ దీవిలో గ్రంథాలయ నిర్వాహకురాలైన మరియా మిచెల్ తండ్రి దగ్గర ఆకాశం చూడటం నేర్చుకుంది. 1847 అక్టోబరు 1న ఆమె కనిపెట్టిన తోకచుక్కకు డెన్మార్క్ రాజు బంగారు పతకం ఇచ్చాడు. 1865లో వాసర్ కళాశాల ఆమెను ఆచార్యురాలిగా పిలుచుకుంది. హార్వర్డ్ వేధశాలలో ఎడ్వర్డ్ పికరింగ్ ఆడవాళ్లను గంటకు పాతిక సెంట్ల కూలికి ఆకాశపు ఫొటోలున్న గాజుపలకల మీది చుక్కలు లెక్కించడానికి పెట్టుకున్నాడు. అది ఔదార్యమని నేననుకోను, పొదుపు. కానీ ఆ పొదుపే శాస్త్రానికి కలిసొచ్చింది. అతని ఇంట్లో పనిచేసిన విలియమినా ఫ్లెమింగ్ ఆ బృందానికి పెద్దదిక్కయింది. ఆనీ జంప్ కానన్ సుమారు మూడున్నర లక్షల నక్షత్రాలను వర్గీకరించింది. సెఫీడ్ తారల వెలుగు హెచ్చుతగ్గుల కాలాన్ని బట్టి వాటి అసలు ప్రకాశం తెలుస్తుందని హెన్రియెటా లెవిట్ 1912లో తేల్చింది. అసలు ప్రకాశం తెలిస్తే దూరం లెక్కకట్టవచ్చు. ఆ కొలబద్దతోనే ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా నక్షత్రమండలం మన పాలపుంతకు ఆవల ఉన్నదని నిరూపించాడు. అప్పటికి లెవిట్ లేదు.

వైద్యంలో తలుపు కొంచెం ముందే తెరుచుకుంది. 1849లో ఎలిజబెత్ బ్లాక్‌వెల్ పట్టా పుచ్చుకుంది. మరుసటేడు ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల కోసమే ఒక వైద్య కళాశాల వెలిసింది. మహారాష్ట్రకు చెందిన ఆనందీబాయి జోషి 1886లో అక్కడే పట్టా అందుకుంది. అంతకు ముందే అక్కడ చదివిన అన్నా కుగ్లర్ 1883లో మన దేశానికి వచ్చి గుంటూరులో వైద్యం ప్రారంభించింది. ఆమె పేరు ఊళ్లోవాళ్లకు ఇప్పటికీ ఆసుపత్రి పేరుగానే తెలుసు.

ఇరవయ్యో శతాబ్దంలో గౌరవాలు వరుసకట్టాయి. నోబెల్ పురస్కారం 1938లో పెర్ల్ బక్‌కూ, 1993లో టోనీ మారిసన్‌కూ సాహిత్యానికి, 1983లో మొక్కజొన్న జన్యువులను శోధించిన బార్బరా మెక్‌క్లింటాక్‌కు వైద్యశాస్త్రానికి దక్కింది. రెండు దారులూ కలిసింది మాత్రం రేచెల్ కార్సన్‌లో. కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యంతో మొదలుపెట్టి జీవశాస్త్రానికి మళ్లిన ఈమె, ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగం చేస్తూ సముద్రం గురించి రాసింది. పురుగుమందుల మీద 1962లో ఆమె తెచ్చిన పుస్తకాన్ని రసాయన కంపెనీలు ఎంత ఎద్దేవా చేసినా, మరుసటేడు అధ్యక్షుడు కెనెడీ శాస్త్ర సలహా సంఘం చాలావరకు ఆమెనే సమర్థించింది. రొమ్ము క్యాన్సర్‌ను బయటకు పొక్కనీయకుండా ఆ వాదన వినిపించిన కార్సన్ 1964లో చనిపోయింది. అమెరికా పొలాల్లో డీడీటీ అనే పురుగుమందు వాడకాన్ని 1972లో నిషేధించారు.