మన పోరాటం ఎవరితో?



ఆత్మీయ పోరాటం గురించి బోధించేటప్పుడు సేవకులు తరచుగా చెప్పే చరిత్ర ఒకటి ఉంది. అది 1940 మే నెలలో ఫ్రాన్సు తీరాన, డన్‌కర్క్ అనే రేవు పట్టణం దగ్గర జరిగింది. మేము కూడా చాలాసార్లు చెప్పాము. ఈసారి తేదీలు సరిచూసుకుంటే మా మాటలో ఒక పొరపాటు కనిపించింది. ముందు జరిగినది చెప్పి, తరువాత ఆ పొరపాటు ఒప్పుకుంటాము.

1940 మే 10న విన్‌స్టన్ చర్చిల్ బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యారు. అదే రోజు హిట్లర్ సైన్యం హాలెండ్, బెల్జియం, ఫ్రాన్సుల మీద పడింది. రెండు వారాలకే బ్రిటిషు సైన్యం, దానితో ఉన్న ఫ్రెంచి దళాలు తీరంలో చిక్కుకుపోయాయి. ఒక వైపు శత్రువు, మరొక వైపు సముద్రం. ఎర్రసముద్రం ఒడ్డున ఇశ్రాయేలీయుల పరిస్థితి అది.

రాజు ఆరవ జార్జి మే 26 ఆదివారమును జాతీయ ప్రార్థన దినముగా పాటించమని ప్రజలను కోరారు. తాను కూడా వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆరాధనకు వెళ్ళారు. ఆ సాయంత్రమే సైనికులను ఓడల మీద దాటించే పని మొదలైంది. 45,000 మందిని తేగలిగితే చాలనుకున్నారు. జూన్ 4 నాటికి 3,38,226 మంది ఇంగ్లండు చేరారు. యుద్ధనౌకలతో పాటు వందల కొద్దీ చిన్న పడవలు ఆ పనిలో ఉన్నాయి. మన దేశం నుండి కంచరగాడిదలతో వెళ్ళిన సైనికులు కూడా ఆ తీరం నుండి బయటపడినవారిలో ఉన్నారు.

ఇక మా పొరపాటు. "ప్రజలు ప్రార్థించారు, వెంటనే హిట్లర్ ట్యాంకులు ఆగిపోయాయి" అని మేము చెప్పేవాళ్ళం. ట్యాంకులు ఆగమన్న ఆజ్ఞ మే 24న వచ్చింది. ప్రార్థన జరిగిన 26వ తేదీన ఆ ఆజ్ఞను ఎత్తివేశారు. మనము మొరపెట్టకముందే జవాబిచ్చే దేవుడని యెషయా 65:24 నేర్పిస్తుంది గనుక, ఆయన హస్తము ఇందులో లేదని మేము అనము. అయితే ఆయనను మహిమపరచడానికి తేదీలు మార్చి చెప్పనక్కరలేదు. ఆ రోజు ప్రార్థించినవారు ప్రార్థించారు, పడవ నడిపినవారు పడవ నడిపారు. నిర్గమకాండము 17లో కొండమీద మోషే చేతులెత్తాడు, లోయలో యెహోషువ యుద్ధం చేశాడు. రెండూ కావలసి వచ్చాయి.

అదే మూడు రోజుల్లో, మే 26 నుండి 28 వరకు, లండన్‌లో మరొక పోరాటం జరిగింది. ఇటలీ మధ్యవర్తిత్వంతో సంధికి దారి ఉందేమో చూద్దామని విదేశాంగ మంత్రి హాలిఫాక్స్ ప్రభువు మంత్రివర్గంలో వాదించారు. గాంధీగారితో 1931లో ఒప్పందం చేసుకున్న వైస్రాయి ఇర్విన్ ఈయనే. ఎంతో భక్తిపరుడు. చర్చిల్ గుడికి క్రమంగా వెళ్ళే మనిషి కారు. అయినా హిట్లర్‌తో రాజీపడితే చివరికి బానిసత్వమే మిగులుతుందని గుర్తించినది చర్చిల్. ఇది మనల్ని ఆలోచింపజేయాలి. భక్తి ఉంటే చాలదు, చెడును చెడుగా గుర్తించే వివేచన కోసం కూడా ప్రార్థించాలి.

చరిత్ర ఇక్కడితో ఆగితే చర్చిల్‌ను వీరునిగా పొగిడి ఊరుకోవచ్చు. కానీ మనము ఈ దేశపు బిడ్డలం. 1942లో జపాన్ బర్మాను ఆక్రమించింది, అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. అక్టోబరులో బెంగాల్ తీరాన్ని తుపాను ముంచింది. ధరలు పేదవాడికి అందకుండా పోయాయి. 1943 కరువులో, దాని వెంట వచ్చిన రోగాలతో, సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ధాన్యం పంపమని ఇక్కడి నుండి పదేపదే అడిగినా, చర్చిల్ ప్రభుత్వం అవసరానికి చాలినంత పంపలేదు. హిట్లర్‌లోని దుష్టత్వాన్ని అంత స్పష్టంగా చూసిన కన్ను, బెంగాల్‌లోని ఆకలిని అలా చూడలేదు.

అందుకే ఎఫెసీ 6:12 మనకు ఎంతో అవసరం. మన పోరాటం రక్తమాంసాలున్న మనుష్యులతో కాదని, వారి వెనుక పనిచేసే దుష్టశక్తులతో అని పౌలు హెచ్చరిస్తున్నాడు. ఆ శక్తి బెర్లిన్‌లో పనిచేసింది. దానితో పోరాడిన మనిషి హృదయంలోకి కూడా దారి వెతుక్కుంది. దేవుడు వాడుకున్న మోషే సైతం మెరీబా దగ్గర తప్పిపోయాడు. దేవుడు ఒకరిని వాడుకున్నంత మాత్రాన వారు చేసినదంతా సరైనదైపోదు.

మన సంగతి చూద్దాం. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చినా, సంఘంలో మాట పట్టింపు వచ్చినా, అవతలివారిని సాతాను అనేస్తాం. మోకరించి వారి ఓటమి కోసం ప్రార్థిస్తాం. సర్వాంగ కవచము తొడుక్కున్నామనే అనుకుంటాం. కానీ ఆ సమయంలో అపవాది ఎక్కడున్నాడు? అవతలి ఇంట్లోనా, మన కోపంలోనా? సేవకులమైన మేము కూడా ఈ ప్రశ్నకు మినహాయింపు కాదు.

ఈ వారం మీరు ఎవరిని శత్రువు అనుకుంటున్నారో ఆ వ్యక్తి పేరు పెట్టి, వారి క్షేమం కోసం ఒక్కసారి ప్రార్థించండి. ప్రార్థించి లేచాక, చేయవలసిన మేలు ఏదైనా ఉంటే వెళ్ళి చేయండి.

ప్రభువా, చెడును ఎదిరించే ధైర్యమును, మాలోని చెడును చూచుకొనే కన్నులను మాకు దయచేయుము. ఆమేన్.