కుక్కల బరి నుంచి తార్నాక దాకా

హనుమాన్ జంక్షన్‌లో గుడివాడ రోడ్డెక్కితే కాసేపటికే వరి మొదలవుతుంది. నూజివీడు వైపు తిరిగితే మామిడి తోటలు. మామిడి సంగతి అలా ఉంచితే, వరి ఉన్నచోట ఎలుక ఉండి తీరుతుంది. చేను పొట్ట మీదుండగా పిలకల్ని మొదట్లో కొరికి పడేస్తుంది. గింజ గట్టిపడ్డాక కంకులే కత్తిరించి కలుగులోకి లాక్కుపోతుంది.

రైతు దీనికి రెండు దారులు ఎరుగును. ఒకటి వ్యవసాయాధికారులు చెప్పేది: నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమడయోలోన్ మందు 2 పాళ్లు కలిపి, పొట్లాలు కట్టి, కలుగుకొకటి చొప్పున వెయ్యడం. తిన్న ఎలుక వెంటనే చావదు. నెత్తురు గడ్డకట్టే గుణం పోయి, కొన్నాళ్లకు చస్తుంది. ఈలోగా తోటివి ఏ అనుమానమూ లేకుండా తినేస్తాయి. రెండోది చాలా పాతది. యానాదులు వస్తారు. అడుగున చిల్లు పెట్టిన కుండలో గడ్డి కూరి, నిప్పంటించి, కుండ మూతిని కలుగుకి ఆనించి చిల్లులోంచి ఊదుతారు. పొగకి తాళలేక బయటపడినదాన్ని చేత్తోనే పట్టేస్తారు. కలుగు తవ్వితే అడుగున దొరికే ధాన్యం వాళ్లదే.

“ఎన్ని పడ్డాయి?”

“తోకలు లెక్కెట్టుకోండి బాబూ.”

లెక్క అక్కడితో తేలిపోతుంది. చవితినాడు గణపతి పాదాల దగ్గరున్న ఎలుకకి దణ్ణం పెట్టిన చేత్తోనే నూకల్లో మందు కలుపుతాం. దీన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. చేను పోయినవాడికి తెలుస్తుంది ఆ బాధ.

ఇలాంటిచోట ఓ కుర్రాడు అక్వేరియం షాపు నుంచి తెల్ల ఎలుకని ఇంటికి తెస్తే నాయనమ్మ ఏమంటుందో ఊహించడం కష్టం కాదు. “చావడానికి పుట్టినదాన్ని సాకడమేంట్రా?” అంటుంది. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఇవాళ్టి పెంపుడు ఎలుకల మూలం చాలావరకు చావడానికి పట్టిన ఎలుకల్లోనే ఉందంటారు మరి. ఆ కథ నడిచింది లండన్‌లో. అదీ ఒక ఎలుకలు పట్టేవాడి కథే, కాకపోతే ఆయన ఎవరినీ బాబూ అని పిలిచే రకం కాదు.

పేరు జాక్ బ్లాక్. ఉండేది థేమ్స్ ఒడ్డున బాటర్సీలో. 1850 ప్రాంతం. విక్టోరియా రాణిగారి ఎలుకలు పట్టేవాణ్ణని చెప్పుకునేవాడు, ఆ దర్జాకి తగ్గ వేషం కూడా వేసేవాడు. ఆకుపచ్చ కోటు, ఎర్రటి వెయిస్ట్‌కోటు, తెల్లటి తోలు లాగు, టోపీ చుట్టూ బంగారు పట్టీ. భుజం మీంచి అడ్డంగా ఓ బెల్టు, దాని మీద పోతపోసిన ఎలుక బొమ్మలు. ఆ బొమ్మల కోసం చచ్చిన ఎలుకతో అచ్చు తీసి, తన లోహపు మగ్గులతోపాటు పెళ్లాం వంటగిన్నెలు కూడా కరిగించేశాడట. ఆ పూట ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ రాయలేదు గానీ, ఏ ఇల్లాలైనా ఊరుకుని ఉండదు.

ఇవన్నీ మనకి చెప్పింది హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత. లండన్ వీధుల్లో బతికే పేదల దగ్గర కూర్చుని, వాళ్ల బతుకులు వాళ్ల నోటితోనే చెప్పించి రాసుకున్న మనిషి. బ్లాక్ నడివీధిలో ఎలుకల మందు అమ్మే తీరును ఆయన కళ్లకు కట్టాడు. జనం మూగుతారు. బ్లాక్ ఎలుకల బోనులోకి వట్టి చెయ్యి దూర్చి, గుప్పిట పట్టినన్ని బయటకి లాగుతాడు. అవి కరవ్వు. చేతుల మీదుగా పైకి పాకి భుజాలెక్కి కూర్చుంటాయి. కూర్చుని, ముందుకాళ్లతో తీరిగ్గా మొహం తుడుచుకుంటాయి. చూసేవాళ్లు నోరెళ్లబెడతారు. మందు అమ్ముడుపోతుంది.

కరవకపోవడం ఆ ఎలుకల సంగతి. పట్టేటప్పుడు ఆయన తిన్న కాట్లకి లెక్క లేదు. కాటు చీము పట్టి ప్రాణం మీదకి వచ్చిన సందర్భాలు కూడా మేహ్యూతో చెప్పుకున్నాడు.

అసలు రాబడి మాత్రం బతికున్న ఎలుకల్లో ఉండేది. ఎలుగుబంట్లనీ ఎద్దుల్నీ కుక్కలతో కరిపించే పందేలను ఇంగ్లండ్‌లో 1835 చట్టం ఆపేసింది. ఎలుకల జోలికి ఆ చట్టం పోలేదు. దాంతో సారాకొట్ల వెనక బరులు వెలిశాయి. చుట్టూ చెక్కగోడ, మధ్యలో వదిలిన ఎలుకల గుంపు, దాని మీదకి ఉసిగొల్పిన టెర్రియర్ కుక్క. ఎన్ని నిమిషాల్లో ఎన్నింటిని చంపుతుందని పందెం. బరికి ఎలుకలు బస్తాల లెక్కన కావాలి, ప్రాణంతో కావాలి. మన కోనసీమ కోడికైనా కాలికి కత్తి కడతారు. వీటికి అదీ లేదు.

ఒక రాత్రిని ఊహించుకుందాం. బ్లాక్ ఆ రోజు పట్టినవాటిని ఇంట్లో దీపం వెలుగులో బోనులోకి గుమ్మరిస్తున్నాడు. అన్నీ ఒకే మట్టిరంగువి, రేపు బరిలోకి పోయేవి. వాటి మధ్య ఒకటి తేడాగా ఉంది. పొట్ట మీద తెల్లమచ్చో, ఒళ్లంతా తెలుపో. కుక్కకి రంగుతో పని లేదు, పందెం కాసేవాడికీ లేదు. అయినా బ్లాక్ చెయ్యి ఆగింది. దాన్ని విడిగా వేరే గూట్లో పెట్టాడు.

ఇలాంటి ఘడియ ఉంటుందని జంతువుల్ని మేపేవాళ్లందరికీ తెలుసు. ఇవాళ అమెరికాలోనో ఐరోపాలోనో కొండచిలువని పెంచేవాడు దానికి మేతగా పది ఎలుకలు తెస్తాడు. తొమ్మిది పాముకి పోతాయి. పదోది చేతి మీదకెక్కి మణికట్టు వాసన చూస్తుంది, వేలు నాకుతుంది. ఇక దాన్ని వెయ్యబుద్ధి కాదు. బ్లాక్ మనసులో జాలి ఎంతుందో, వ్యాపారం ఎంతుందో తూచి చెప్పలేం. రెండూ ఉండే ఉంటాయి. నాకు వ్యాపారమే ఎక్కువనిపిస్తుంది, అయినా ఆ ఎలుకకి ఆ తేడా ఏం లెక్క!

పక్కన పెట్టినవాటిని బ్లాక్ ఒకదానితో ఒకటి జతకట్టించాడు. నలుపూ తెలుపూ మచ్చలవి, రకరకాల రంగులవి పుట్టుకొచ్చాయి. ఒక దశలో అలాంటివి పదకొండు వందలకు పైగా తన దగ్గరుండేవని మేహ్యూతో గొప్పగా చెప్పుకున్నాడు. కొనేవాళ్లు ఎవరనుకున్నారు? పెద్దింటి ఆడపిల్లలు. ఉడుతల్ని పెంచుకునే పంజరాల్లో వీటిని పెట్టుకునేవారట. ఓ అర్ధశతాబ్దం తిరిగేసరికి ఎలుక ప్రదర్శనకి ఎక్కింది. 1901 అక్టోబరులో ఎయిల్స్‌బరీలో చిట్టెలుకల్ని పెంచేవాళ్లు జరిపిన పోటీకి మేరీ డగ్లస్ అనే ఆవిడ పట్టుబట్టి తన నలుపూ తెలుపూ ఎలుకని తీసుకెళ్లింది. మొదటి బహుమతి దానికే వచ్చింది.

అదే కాలంలో తెల్ల ఎలుక ఇంకో గడప తొక్కింది, ప్రయోగశాలది. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థ 1906లో వీటి మందని స్థిరంగా పెంచడం మొదలెట్టింది. మళ్లీ చావడానికే, ఈసారి శాస్త్రం కోసం. అక్కడ ఫ్రెడరిక్ హామెట్ అనే పరిశోధకుడు 1920ల మొదట్లో గొంతులోని గ్రంథుల మీద పనిచేస్తున్నాడు. థైరాయిడ్‌తోపాటు పక్కనుండే పారాథైరాయిడ్ గ్రంథులు తీసేస్తే ఎలుక బతకదని అందరూ అనుకునే రోజులు. ఆయన ఎలుకలు మాత్రం కొన్ని చచ్చేవి, కొన్ని నిక్షేపంగా బతికేవి. కారణం కోసం వెతికితే అది ఆపరేషన్‌లో లేదు. ఎలుకలు రెండు మందల నుంచి వస్తున్నాయి. ఒక మందకి తిండీ నీళ్లూ పెట్టి గూడు శుభ్రం చేసి వదిలేసేవారు. రెండో మందని రోజూ చేతుల్లోకి తీసుకుని, నిమిరి, ముద్దు చేసేవారు. ఆపరేషన్ అయిన రెండు రోజుల్లోపు మొదటి మందలో నూటికి 79 చచ్చాయి. నిమిరిన మందలో 13. చేసిన కోత ఒక్కటే.

ఆ విస్టార్ వంశం 1920 ప్రాంతానికి మన దేశం చేరింది, నీలగిరుల్లోని కూనూరుకి. దాని వెనక ఉన్నది మన అన్నం ముద్దే. మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి జబ్బు ముఖ్యంగా ఉత్తర సర్కారుల్లో, అంటే కృష్ణా గోదావరి డెల్టాలున్న మన కోస్తాలో పాతుకుపోయి ఉండేది. కాళ్లు మొద్దుబారి, నీరు పట్టి, గుండె ఆగి మనుషులు పోయేవారు. చంటిపిల్లలూ పోయేవారు. దక్షిణాన తమిళులు ఉప్పుడు బియ్యం తినేవారు, వడ్లు ఉడికించేటప్పుడు తవుడు పొరలోని బి1 విటమిన్ గింజలోకి ఇంకేది. మనం పచ్చివడ్లు మరపట్టి, తవుడు పశువులకు పెట్టి, మల్లెపూవులాంటి తెల్లబియ్యం వండుకునేవాళ్లం. విటమిన్ తవుడుతోపాటు గొడ్ల కుడితిలోకి పోయేది. ఈ జబ్బు సంగతి తేల్చడానికి 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే మిలటరీ డాక్టరుకి కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గది ఇచ్చారు. ప్రయోగాలు మొదట పావురాలతో నడిపాడు, తర్వాత ఎలుకలతో.

ఆయన చేసిన పని వింటే పెద్దబాలశిక్ష కథలా అనిపిస్తుంది. దేశంలో ఏ ప్రాంతంవాళ్లు ఏం తింటారో అదే వండించి ఎలుకలకి పెట్టించాడు. సిక్కుల తిండి ఒక గుంపుకి, పఠాన్లది ఒకదానికి, మరాఠీలది, బెంగాలీలది, మద్రాసీలది. బలంగా పెరిగినవి సిక్కుల తిండి తిన్నవి. ఆఖరున నిలిచినవి మద్రాసీ ఎలుకలు. ఆ రోజుల్లో మద్రాసీ అంటే మనమూ అందులోవాళ్లమే.

ఇంకో ప్రయోగంలో ఇరవయ్యేసి ఎలుకల రెండు గుంపులు. మొదటి గూటి ముందు పళ్లెంలో ముడిగోధుమ రొట్టె, వెన్న, మొలకెత్తిన శనగలు, పచ్చి క్యారెట్, క్యాబేజీ, పాలు. రెండోదానికి ఇంగ్లండ్ పేదల తిండి: తెల్లబ్రెడ్డు, మార్గరిన్, పంచదార టీ, ఉడికి ముద్దైన కూరలు, డబ్బా మాంసం, జామ్. మొదటి గుంపు ఎదిగింది, కలిసిమెలిసి ఉంది. రెండోది ఎదగలేదు. చీటికీ మాటికీ బెదరడం, మేత పెట్టే పనివాళ్ల వేళ్లు కొరకడం. అరవయ్యో రోజొచ్చేసరికి బలమైనవి బలహీనమైనవాటిని చంపి తినడం మొదలెట్టాయి. పుట్టుకలో రెండూ ఒకటే, పెంచిన కప్పు కూడా ఒకటే. పళ్లెం ఒక్కటే వేరు.

కూనూరు ల్యాబు 1958లో హైదరాబాద్‌కి తరలింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక వెళ్లినవాళ్లకి తెలిసే ఉంటుంది, మనం ఎన్ఐఎన్ అంటాం. ఆ విస్టార్ వంశాన్ని అక్కడ అలాగే కొనసాగిస్తూ, తన పేరు కూడా కలిపి పిలుచుకుంటోంది ఆ సంస్థ. మన గాదెల్లో తిన్న వడ్లకి ఎలుక జాతి ఆ రకంగా బాకీ తీర్చుకుందని సరదాకి అనుకోవచ్చు.

నాయనమ్మ ప్రశ్నకి తిరిగి వస్తే, సాకితే ఏమొస్తుందన్నదానికి ఇంకో ఆధారం ఉంది. 1990ల చివర్లో అమెరికాలో జాక్ పాంక్‌సెప్ అనే నాడీశాస్త్రవేత్త ఎలుకలకి కితకితలు పెట్టాడు. అవి మన చెవికి అందని, 50 కిలోహెర్ట్జ్ స్థాయిలో కిచకిచలాడాయి. పిల్ల ఎలుకలు ఆడుకునేటప్పుడు చేసే చప్పుడే అది. కితకితలు ఆపితే ఆయన చేతి వెంటపడేవి. అది నవ్వేనా అని తోటి శాస్త్రవేత్తలు వాదులాడారు. పెంచుకునేవాళ్లకి ఆ వాదంతో పని లేదు. ఎలుక తృప్తిగా ఉంటే పళ్లు మెల్లగా నూరుతుందనీ, అప్పుడు దాని కనుగుడ్లు ముందుకీ వెనక్కీ ఊగుతాయనీ వాళ్లకి తెలుసు. మొదటిసారి చూసినవాడు జబ్బేమోనని హడలిపోతాడు.

కాబట్టి సాకండి, తప్పు లేదు. అయితే పొలంలో దొరికినదాన్నీ, దూలం మీద తిరిగేదాన్నీ పెంచుకుందామనుకోకండి. లెప్టోస్పైరోసిస్ ఎలుకల మూత్రం కలిసిన నీటితో అంటుకునే జ్వరం, ప్రాణాంతకం కూడా. పెంపుడు ఎలుకకీ పొలం ఎలుకకీ మధ్య వందేళ్లకు పైబడిన మచ్చిక ఉంది, దాన్ని మీరు వారంలో తేలేరు. షాపులో తెల్లదాన్ని తెచ్చుకున్నా, అది రెండు మూడేళ్లకి మించి బతకదని ముందే పిల్లలకి చెప్పండి. ఆడ ఎలుకలకి రొమ్ము దగ్గర గడ్డలు రావడం మామూలు, ఎలుకని చూసే పశువైద్యుడు దగ్గర్లో ఉన్నాడో లేదో కొనకముందే కనుక్కోండి. ఒంటరిగా ఉంటే దిగాలు పడుతుంది, అందుకని రెండు తెచ్చుకోండి. రెండూ ఆడవో రెండూ మగవో అయ్యేలా షాపువాడి చేత తోక ఎత్తి చూపించుకుని మరీ తెచ్చుకోండి. ఎలుక చూలు మూడు వారాలు, కాన్పుకి పది పిల్లలు.