అన్నూరు నుంచి గుంటూరు దాకా: మా నాయన లారీ దోవ

విజయనగరం కాలంలోనూ, ఆ తర్వాత 1529లో మొదలైన మధుర నాయకుల ఏలుబడిలోనూ మనవాళ్ళు ఎందరో దక్షిణానికి దిగొచ్చారు. మా పెద్దలు అన్నూరు పక్కన సేద్యం చేసుకుంటూ నిలిచిపోయారు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. మాట ఉంది గాని అక్షరం లేదు. మా ఇంట్లో మళ్ళీ తెలుగు సీమకు దోవ పట్టింది మా నాయన ఒక్కరే. ఆయన లారీ డ్రైవరు.

మోటారు బండి అంటే మా పక్క మొదట తలుచుకునేది జి.డి. నాయుడు గారినే. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే తోలినారు. ఆ కథ వింటూ పెరిగిన నాయన పదిహేనేళ్ళకే క్లీనరుగా చేరినారు. టైర్లు మార్చి, తాళ్ళు బిగించి, నాలుగేళ్ళకు స్టీరింగు పట్టుకున్నారు.

1975లో నేషనల్ పర్మిట్ పద్ధతి వచ్చినాక దూరం లోడ్లు పెరిగినాయి. పోయేటప్పుడు కోయంబత్తూరు పంపుసెట్లు, మోటార్లు. వచ్చేటప్పుడు మిల్లులకు గుంటూరు పత్తి, ఒక్కో బేలు 170 కిలోలు. సేలం, వేలూరు, తిరుపతి, నాయుడుపేట, నెల్లూరు. అక్కడి పొలాల్లో నీళ్ళు తోడేది మన ఊరి మోటారు, ఇక్కడి మిల్లుల్లో నూలయ్యేది వాళ్ళ పత్తి. నడుమ నిద్ర మానుకొని తిరిగేది నాయనలాంటివాళ్ళు.

మొదటిసారి గుంటూరులో ఒక హోటల్లో నాయన "కూడు ఉందా?" అని అడిగినారంట. వడ్డించే పిల్లాడు నవ్వినాడు. అక్కడ ఆ మాట మోటు. పక్క బల్ల దగ్గరున్న ముసలాయన, "నవ్వొద్దురా, మా అవ్వ ఇట్లే అనేది. అది పాత మాట" అన్నాడంట. నాయన ఆ సంగతి మాకు వందసార్లయినా చెప్పుంటారు. మన తెలుగు తప్పు తెలుగు కాదని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఆ ట్రిప్పులోనే ఒక పెద్దబాలశిక్ష కొన్నారు. లోడు దించే దాకా కాచుకునే గంటల్లో అక్షరాలు దిద్దుకునేవారు. మైలురాళ్ళు, అంగడి బోర్డులు కూడబలుక్కుని చదివేవారు.

పది రోజులకు ఒక రాత్రి ఇంట్లో ఉండేవారు. మేము నలుగురం పిల్లలం. నిద్రపోతున్న మా పాదాలను నూలుపోగుతో కొలిచి, ముడులు వేసి జేబులో పెట్టుకునేవారు. తరువాతి ట్రిప్పులో కొత్త చెప్పులు వచ్చేవి. అమ్మ ఒక్కతే పొలం, ఇల్లు, బడి ఫీజులు చూసుకున్నది. ఆయన బతుకులో సగం అమ్మ మోసిందే.

అవ్వ పోయినప్పుడు నాయన ఒంగోలు దాటి ఉన్నారు. కబురు పంపే దారి లేదు. ఇంటికొచ్చేసరికి అన్నీ అయిపోయినాయి. ఆ సాయంత్రం బావిగట్టున ఒక్కరే కూర్చున్నారు, మేమెవ్వరం పలకరించలేదు. తర్వాత ఎస్టీడీ బూతులు వచ్చినాక ఏ ఊరైనా సరే, రాత్రి ఒక ఫోను తప్పేది కాదు. "అందరూ తిన్నారా?" అంతే, పెట్టేసేవారు.

ఆయన పోయినాక పెట్టెలో ట్రిప్పు లెక్కల నోటుబుక్కులు దొరికినాయి. డీజిలు, టోలు, బత్తా, పంక్చరు. మొదటివన్నీ తమిళంలో. నడుమ ఎక్కడో ఊర్ల పేర్లు తెలుగులోకి మారినాయి. నెల్లూరులో 'ళ్ళ' వంకరగా, కొట్టేసి మళ్ళీ 'ల్లూ' అని. చివరి పుస్తకంలో అన్నీ తెలుగే. ఆఖరి పుటలో మా నలుగురి పేర్లు, పక్కన అమ్మ పేరు.

మేము తెలుగు రాయడం నేర్చుకున్నది ఆ పుస్తకాలు చదవాలనే. ఇప్పుడు మనవళ్ళు ఇంట్లో కూడా తమిళమే మాట్లాడతా ఉన్నారు. ఆదివారం వాళ్ళను కూర్చోబెట్టి ఒక పుట చదివిస్తాం. మీ ఇండ్లలోనూ ఇట్లాంటి లెక్కల పుస్తకం ఏదైనా ఉంటే పాత కాగితాలకు వేయకండి. తీసి ఒకసారి చదవండి.