సంఘం, సమాజం

1878లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో స్థాపించిన సంస్థ పేరు సంఘ సంస్కరణ సమాజం. ఇవాళ్టి చెవికి ఆ పేరు తలకిందులుగా వినిపిస్తుంది. ఇప్పుడు మనకు సమాజమంటే లోకం, నలుగురూ. సంఘమంటే సభ్యత్వం, చందా, కార్యదర్శి ఉన్న కూటమి. ఆ పేరులో మాత్రం బాగుపడవలసిన లోకం సంఘం, బాగుచేయడానికి కూడినవాళ్ళు సమాజం. బ్రహ్మసమాజం, ఆర్యసమాజం కూడా ఆ లెక్కలోవే.

సమాజంలో ఉన్నది ‘అజ్’ ధాతువు, అంటే తోలడం. పశువుల గుంపయితే సమజమనీ, ఇతరుల కూటమయితే సమాజమనీ అమరకోశం చెబుతుంది. మందకూ మనుషులకూ నడుమ తేడా ఒక్క దీర్ఘం. సంఘానిది ‘హన్’ ధాతువు. దాని అర్థం కొట్టడం. ముందు ‘సమ్’ చేరితే ఒకటిగా గట్టిపడటం. సంహతి అన్న మాటదీ అదే పుట్టుక.

గట్టిపడిన లోకం చేతిలో ఆయుధం వెలి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదురైంది ఆ భయమే. ‘సంఘం ఏమంటుందో’ అన్న మాట ఇప్పటికీ పెద్దల నోట వింటాం. అందులోని సంఘం మన పక్షాన ఉన్నది కాదు, మనకు తీర్పు చెప్పేది.

నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో ఆ మాట అర్థం మారిపోయింది. 1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకున్న ఆంధ్రమహాసభ, 1940లలో కమ్యూనిస్టుల నాయకత్వంలో ఊళ్ళకు చేరింది. జనం దాన్ని మహాసభ అనలేదు, సంఘమన్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట మీద విస్నూరు దేశ్‌ముఖ్ కన్నేసినప్పుడు, సంఘం కార్యకర్తలు అండగా నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. వెట్టి చేయబోమని ఊరు ఊరంతా చెప్పగలిగిందీ సంఘం ఉందన్న ధైర్యంతోనే. బెదిరించే మాట అండనిచ్చే మాట అయింది. ఒక ఉద్యమం ఒక మాటకు చేయగలిగిన పెద్ద మేలు ఇది.

అయితే పాత అర్థం చావలేదు, లోపలికి వెళ్ళి కూర్చుంది. ఈ సంగతి బయటపెట్టింది హైదరాబాదు స్త్రీల బృందం, స్త్రీశక్తి సంఘటన. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వాళ్ళు వెతికి పట్టుకుని, ఆ స్త్రీల మాటల్ని వారి గొంతుతోనే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేశారు. కబుర్లు మోసినవాళ్ళు, రహస్య స్థావరాల్లో వండిపెట్టినవాళ్ళు, తుపాకీ పట్టినవాళ్ళు అందులో ఉన్నారు. అడవిలో పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి ఉంది. 1951లో పోరాటం విరమించాక ‘ఇక ఇంటికి వెళ్ళండి’ అనిపించుకున్నవాళ్ళూ ఉన్నారు. దొరకు ఎదురు నిలిచిన సంఘంలోనే ‘ఆడవాళ్ళు ఇలా ఉండాలి’ అనే సంఘమూ ఉందన్నమాట. అయినా వాళ్ళలో చాలామంది ఆ రోజుల్ని బతుకులో గొప్ప రోజులుగానే చెప్పుకున్నారు. ఆ పుస్తకం బలం అక్కడే ఉంది. పోరాటాన్ని దేవుణ్ణి చేయలేదు, దోషినీ చేయలేదు.

ఆ బృందం పేరులోని సంఘటన అంటే కూడగట్టడం. వార్తల తెలుగులో మాత్రం ఒకనాడు జరిగి ముగిసిన విషయం. నేటి బృందాలకు ఈ రెండో అర్థంలో సంఘటనలు తేలికయ్యాయి: కబురు ఫోన్లో క్షణాల్లో పాకుతుంది, సాయంత్రానికి కూడలి నిండుతుంది. మర్నాడు ఒకరి ధాన్యం ఇంటికి చేరేలా చూసే సంఘం మాత్రం అంత తొందరగా తయారుకాదు. తయారైనా, బయటి లోకం తన హెచ్చుతగ్గులతో సహా అందులో సభ్యత్వం తీసుకునే ఉంటుంది.

కరపత్రం ఎవరు రాశారో అందరికీ తెలుస్తుంది. అన్నం ఎవరు వండారు, చర్చ ముగియకముందే ఇంటికి ఎవరు లేచిపోవలసి వచ్చింది, ఉద్యమం ఆగాక ఎవరి బతుకుతెరువు పోయింది అన్నవీ మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. ముప్పై అయిదేళ్ళ తర్వాత ఇంకెవరో వచ్చి అడిగేదాకా ఆగకుండా.