పంచాయతీ కార్యదర్శి (తెలంగాణ)

పంచాయతీ కార్యదర్శి గ్రామ పంచాయతీ పరిపాలనను నడిపే ప్రభుత్వోద్యోగి. రాష్ట్రంలోని 12 వేలకు పైగా పంచాయతీలలో ప్రజలకు అతి దగ్గరగా ఉండే ఉద్యోగం ఇది.

నియామకం: తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 వచ్చాక 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు ప్రకటన వెలువడింది. ఎంపికైనవారు 2019లో విధుల్లో చేరారు. మూడేళ్ల ప్రొబేషన్‌ను తర్వాత నాలుగేళ్లు చేశారు. పనితీరును మదింపు చేసి, అర్హులను 2023లో గ్రేడ్-4 కార్యదర్శులుగా క్రమబద్ధీకరించారు.

విధులు, నైపుణ్యాలు: తెల్లవారేసరికి వీధుల్లో పారిశుద్ధ్య పనులు చూసుకోవాలి. ఆపై ఇంటిపన్ను రసీదులు, జనన మరణ నమోదు, నర్సరీలో మొక్కలకు నీళ్లు, రెండు నెలలకోసారి గ్రామసభ. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నది చట్టం పెట్టిన షరతు. చట్టం, లెక్కలు, కంప్యూటర్, మాటతీరు అన్నీ తెలిసినవారికే ఈ పని సాగుతుంది.

శిక్షణ, పదోన్నతి: రాజేంద్రనగర్‌లోని రాష్ట్ర గ్రామీణాభివృద్ధి సంస్థ శిక్షణ ఇస్తుంది. పై గ్రేడ్లు దాటితే మండల పంచాయతీ అధికారి, ఆపై డివిజనల్, జిల్లా స్థాయి పదవులకు దారి ఉంది. సీనియారిటీతో పాటు శాఖాపరమైన పరీక్షలూ ఇందులో కీలకం. కింది మెట్టున పల్లెను చదివిన అనుభవం పై మెట్టున ఎంతో అక్కరకొస్తుంది. అందుకే ఈ దారి తెరిచి ఉండటం ఉద్యోగికే కాదు, ఊరికీ మేలు.